కుట్టుమిషను ఉన్న చోటు

కుట్టుమిషనును కిటికీ దగ్గరికి జరిపింది నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో సగం వాక్యం ఒకటి ఉంది. దాని కింద అంతా ఖాళీ.

మా ఇల్లు వరంగల్ పాత బజారులో, నాన్న కిరాణా దుకాణానికి పైన. కింద పొద్దున్నుంచి రాత్రి దాకా హమాలీల కేకలు, బండ్ల హారన్లు, మిర్చి ఘాటుకు తుమ్ములు. పైన మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి ఏ అలికిడీ ఉండదు. భోజనాలు కాగానే అమ్మ కూడా దుకాణంలో కూర్చోవడానికి దిగిపోతుంది. మిగిలేది బాపమ్మా నేనూ. బాపమ్మ అంటే నాన్న వాళ్ళ అమ్మ. ఆమె కాసేపు కునుకు తీసేది. నేను పోటీ పరీక్షల పుస్తకం కింద ఏదో ఒక నవల పెట్టుకుని చదువుకునేదాన్ని. డిగ్రీ అయిపోయి రెండేళ్లు దాటినా నేను పరీక్షలకే చదువుతున్నానని ఇంట్లో అందరి నమ్మకం.

నాకు చప్పుడు చేయడం రాదు. చిన్నప్పుడు కూడా గొళ్లెం మోగకుండా తలుపు వేసేదాన్నని అమ్మ చెబుతుంది. చుట్టాలొస్తే వంటింట్లోకి పోతాను. దుకాణంలో కూర్చోబెడితే గిరాకీ అడిగింది వినిపిస్తుంది గాని, జవాబు గొంతు దాటి రాదు. "ఇది ఇంట్ల ఉన్నదో లేదో జర చూసి చెప్పుండ్రి" అని నాన్న నవ్వుతాడు.

రాసుకోవడానికి నాకొక బల్ల లేదు. మంచం మీద మోకాళ్లు ముడుచుకుని రాసేదాన్ని. బాపమ్మ గదిలో కాలితో తొక్కే పాత కుట్టుమిషను ఒకటి ఉంది. ఒకప్పుడు దాని మీదనే ఆమె దుకాణానికి గుడ్డ సంచులు కుట్టిందట. మిషను తలను లోపలికి దించి పైన చెక్క మూస్తే చదునైన బల్ల అయిపోతుంది. కిటికీ దగ్గర వెలుతురు బాగా వస్తుంది. ఆ రెండూ ఒకచోట ఉంటే ఎంత బాగుండునో అని చాలా రోజులు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బాపమ్మ గోడవైపు తిరిగి నిద్రపోతున్నప్పుడు, మిషను ఇనుప కాళ్ల కింద గోనెసంచులు మడిచి పెట్టాను. ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా, కిటికీ దాకా లాగాను. ఆరేడు అడుగుల దూరం. బండల మీద గీత పడలేదు. ఆమె కదలలేదు. నాకు చాలా సంబరమైంది. డైరీ తెరిచి కూర్చున్నాను.

నాకు తెలియనిది ఒకటి ఉంది. తెలియదనడం కూడా సరికాదు. రోజూ చూస్తూనే ఉన్నాను, చూసినదాన్ని అర్థం చేసుకోలేదు. బాపమ్మకు ఒక కంట్లో పొర ముదిరింది. ఆపరేషన్ అయిన రెండో కన్నూ మసకే. మంచం దిగి బాత్రూముకు పోయే దారిలో ఆమె చెయ్యి నాలుగు చోట్ల ఆగేది. మంచం కోడు, మిషను అంచు, తలుపు చెక్క, బియ్యం డ్రమ్ము. ఆమె చూసి నడిచేది కాదు, తాకి నడిచేది. మిషను మూల ఒకచోట చెక్క రంగు పోయి నున్నగా మెరిసేది. అది ఆమె అరచెయ్యి ఆగే చోటు. నాన్న చేతికర్ర తెచ్చిస్తే, "నేనేమన్న ముసలిదాన్నారా?" అని తలుపు వెనక పెట్టేసింది.

నాలుగు గంటలప్పుడు మంచం కిర్రుమంది. నేను తల ఎత్తలేదు. వాక్యం మధ్యలో ఉన్నాను. తర్వాత వినిపించింది అరుపు కాదు. హమాలీ భుజం మీంచి బియ్యం సంచి దించినప్పుడు వచ్చే చప్పుడు.

తిరిగి చూసేసరికి బాపమ్మ నేల మీద ఒక పక్కకు పడి ఉంది. కుడి చెయ్యి ముందుకు చాచి, వేళ్లు విప్పి ఉన్నాయి. ఎడమ కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. నేను ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను.

"ముట్టకు బిడ్డా, ముట్టకు," అంది. "కాలు నాకాడ లేదు."

మెట్ల దాకా పరుగెత్తి నాన్నను పిలిచాను. నా గొంతు కిందికి చేరలేదు. ఇంకోసారి పిలిచాను. కింద ఎవరో నవ్వుతున్నారు, ఎవరో పప్పు ధర అడుగుతున్నారు. చివరికి నాన్నకు ఫోన్ చేశాను.

అంబులెన్స్ వచ్చింది. కాలు కదలకుండా ఆమెను పలక మీదికి ఎత్తారు. ఆ గడబిడలో మిషను వైపు ఎవరూ చూడలేదు. నాన్న, అమ్మ, హమాలీలు అందరూ కిందికి పోయారు. "ఇంట్ల ఎవరన్న ఉండాలె గదా, నువ్వుండు," అని అమ్మ మెట్ల మీంచి అరిచింది. అంబులెన్స్ మోత చౌరస్తా వైపు సన్నగిల్లి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు మిషనును పాత చోటికి లాగాను. ఈసారి గోనెసంచులు పెట్టాలని తోచలేదు. ఇనుము బండల మీద గీరుకుంటూ కీచుమంది. అక్కడ తెల్లగా ఒక గీత పడింది. ఇంతవరకు ఎవరూ దాని గురించి అడగలేదు.

మా ఇంట్లో పదేళ్లుగా బాసండ్లు తోమి, ఇల్లు తుడిచే ఆమె ఉండేది. నేను ఆమెను అక్కా అంటాను. అండర్ బ్రిడ్జి అవతల శివనగర్ నుంచి రోజూ నడిచి వచ్చేది. ఆ రోజు మూడింటికి, నేను మిషను జరపకముందే, తడిబట్ట పెట్టి వెళ్లింది. రాత్రి దవాఖాన నుంచి వచ్చిన అమ్మ, బాత్రూము పక్కన బకెట్టు మీద ఆరేసి ఉన్న తడిబట్టను చూసింది. అంతే, ఫోన్ తీసింది.

"తడి పెట్టి ఎటు వాళ్లటు పోతరా? ఇంట్ల ముసలామె ఉన్నదని సోయి లేదా నీకు? రేపటిసంది రాకు."

ఫోన్లోంచి అక్క గొంతు నాకూ వినిపించింది. "సేటమ్మా, నేను తుడిచినంక గంటకు గదా పడ్డది. ఫ్యాన్ ఏసే పోయిన. నేల ఎండింది, నీ మీదొట్టు."

అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. గ్లాసు అమ్మ చేతికిచ్చాను.

మర్నాడు హన్మకొండలోని దవాఖానకు అన్నం తీసుకుపోయాను. డాక్టరు గదిలో నాన్న, మరిపెడ నుంచి వచ్చిన మా అత్త, మామ ఉన్నారు. అత్త అంటే నాన్న చెల్లెలు. మామ అప్పటికే కట్టు కట్టే మనిషి సంగతి ఎత్తాడు. "మా దిక్కు ఒకాయన ఉన్నడు సార్. కోత లేదు, కుట్టు లేదు. పసరు పూసి కట్టు కడ్తడు."

డాక్టరు కోప్పడలేదు. ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకు పెట్టి చూపించాడు. "ఇరిగింది తుంటి దగ్గర ఎముక. దీనికి కట్టు కడితే నెలల తరబడి కదలకుండ పండుకోవాలె. ఈ వయసుల బొక్క ఇరిగితే ప్రాణం పోదు. పండుకుంటె పోతది. రేపే రాడ్ వేస్త, ఎల్లుండి నిలబెడ్త." కాసేపాగి అడిగాడు. "ఇంతకుముందు ఎప్పుడన్న పడి ఏమన్న ఇరిగిందా?"

"రెండేండ్ల కింద మణికట్టు," అన్నాడు నాన్న. "పట్టీ కట్టిచ్చినం, తగ్గింది."

"అప్పుడే బొక్కల బలం పరీక్ష చేయించాల్సింది. చిన్నగ పడితేనే మణికట్టు ఇరిగిందంటే, లోపల బొక్క గుల్లబారిందన్నట్టు. మందులు మొదలుపెట్టేటోళ్లం."

నాన్న తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర టిఫిన్ క్యారియరు పట్టుకుని నేనూ తల దించుకున్నాను. ఆయన తప్పు రెండేళ్ల నాటిది. నాది నిన్నటిది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు ఇద్దరు నర్సులు చెరో వైపు పట్టుకుని బాపమ్మను నిలబెట్టారు. "మీ అమ్మలు మిమ్ముల గిట్లనే పెంచిన్రా, ముసల్దాన్ని చంపుమని?" అని వార్డంతా వినపడేలా తిట్టింది. తిడుతూనే నిలబడింది. వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాన్నతో ఒకటే మాట చెప్పాడు. రోజూ లేవాలి, రోజూ నడవాలి, ఈ కొద్ది వారాల్లో నడిస్తేనే నడక మిగులుతుంది.

హమాలీలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టిన కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు విని, "ఎవరే అది?" అంది.

"కొత్త పనామె, అత్తమ్మా," అంది అమ్మ.

"మనదేది?"

"బంద్ పెట్టిన. అది తడి చెయ్యబట్టే గదా నువ్వు పడ్డది?"

"నేల పొడిగనే ఉండె."

"నీకు కండ్లే మంచిగ అగుపడయి. తడి ఎట్ల తెలుస్తది?"

"కండ్లు లేకపోతే కాళ్లు లేవా? కాళ్లకు తెల్వదా తడి?"

"మరెట్ల పడ్డవ్?"

బాపమ్మ కిటికీ వైపు తల తిప్పింది. "కండ్లు తిరిగినయ్ పో," అంది. నేను కిటికీ దగ్గర మందుల డబ్బీలు సర్దుతున్నాను. ఆ మాట విని నాకు ప్రాణం లేచి వచ్చిన మాట నిజం. ఆమెకు గుర్తు లేదు అనుకున్నాను.

మర్నాడు ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చింది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, గలగలా మాట్లాడుతుంది. బాపమ్మ లేవనంది. "నన్ను ఏమన్నా చేసుకోండ్రి. మన పాత పనామె మళ్ల ఈ ఇంట్ల అడుగు పెడ్తెనే నేను అడుగు తీసి ఏస్త."

మొదట అందరూ నవ్వారు. రెండో రోజూ లేవలేదు. మూడో రోజూ లేవలేదు. ఫిజియో మేడం నవ్వడం మానేసింది. "పెద్దమ్మా, గిట్లనే పండుకుంటె ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరుతది. వీపుకు పుండ్లు పడ్తయి. కాళ్లల్ల రక్తం గడ్డ కడ్తది. నీ పంతం నిన్నే తింటది."

"నేను లెవ్వనంటలేను బిడ్డా. దాన్ని రానియ్యుమంటాన."

నాన్న దుకాణం నుంచి పైకి వచ్చి బెదిరించి చూశాడు. "అమ్మా, లెవ్వకపోతే నిన్ను కింద కాంట మీద కూసుండబెట్టి జోకుత."

"జోకుర. నా పంతం ఎంత బరువున్నదో నువ్వు గూడ చూస్తవు."

వంటింట్లో అమ్మ గొంతు తగ్గించి నాన్నతో అంది. "నేను పోయి పిలువాల్నా? బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?" నాన్న కిందికి దిగిపోయాడు.

నాలుగో రోజు పక్క మారుస్తున్నప్పుడు బాపమ్మ నడుము కింద అరచెయ్యంత ఎర్రటి మచ్చ కనిపించింది. అమ్మ పౌడరు చల్లింది. నేను వేలితో మెల్లగా నొక్కి చూశాను. వేలు తీసినా ఎరుపు పోలేదు. ఆ మధ్యాహ్నం చెప్పులు వేసుకున్నాను. "ఏడికే?" అని దుకాణంలోంచి నాన్న అడిగితే, "జిరాక్స్," అన్నాను.

శివనగర్‌కు ఒక్కదాన్నే ఎప్పుడూ పోలేదు. అండర్ బ్రిడ్జి కింద ఆటోల హారన్లు చెవుల్లో గింగురుమంటుంటే, ఏం చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా రాసుకున్నాను. కొట్టివేసి మళ్లీ రాసుకున్నాను. ఇల్లు తెలియదు. ఒక కిరాణా కొట్టు ముందు చాలాసేపు నిలబడి, చివరికి అడిగాను.

అక్క గడప మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"నువ్వొచ్చినవా? నీకు నోరొచ్చిందా బిడ్డా?"

"బాపమ్మ రమ్మంటాంది."

"మీ అమ్మ తోలిందా?"

"కాదు."

"మరెవలు తోలిన్రు?"

ఆమె మళ్లీ బియ్యం ఏరసాగింది.

"నేల పొడిగనే ఉండెనట," అన్నాను. "బాపమ్మ అంటాంది. నువ్వొస్తేనే లేస్తదట. నాలుగు దినాలైతాంది, లేస్తలేదు."

అక్క చేతిలోని రాయిని దూరంగా విసిరింది. "పదేండ్ల సంది తుడుస్తాన ఆ ఇల్లు. గల్లీల నాలుగిండ్లు మాన్పిచ్చిన్రు నన్ను, ముసలామెను పడగొట్టిందని." తర్వాత నా ముఖంలోకి చూసింది. "నువ్వు ఇంట్లనే ఉంటివి గదా ఆ దినం. నువ్వేం చూసినవ్?"

ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. మిషను, గోనెసంచులు, కిటికీ, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. గల్లీలో ఎవరో కుక్కర్ దించినట్టున్నారు, ఆవిరి చప్పుడు చాలాసేపు వినిపించింది.

"చూడలేదు," అన్నాను. "రాసుకుంటుంటి."

అది అబద్ధం కాదు. అందుకే ఇంకా అసహ్యంగా అనిపించింది. అక్క నిట్టూర్చి లేచింది. లోపలికి పోయి ఒక గ్లాసులో మంచినీళ్లు తెచ్చిచ్చింది. "ఎండల పడి వచ్చినవు. తాగు," అంది. తాగి గ్లాసు తిరిగిచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చింది. అమ్మ తలుపు తీసి ఒక్క క్షణం చూసి, "ఛాయ్ తాగుతవా?" అంది. మా అమ్మ తప్పు ఒప్పుకోవడం అంతవరకే. అక్క చెప్పులు విడిచి నేరుగా బాపమ్మ గదిలోకి నడిచింది.

"లెవ్వు పెద్ద సేటమ్మా. నీ మూలాన నేను బద్నాం అయితిని."

"నీ బద్నాం పోగొట్టనీకే పండుకున్ననే. నడుము చచ్చిపోయింది. పట్టు జర."

ఆ పూట బాపమ్మ మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా నడిచింది. అక్క, ఫిజియో మేడం, అమ్మ చుట్టూ ఉన్నారు. నేను తలుపు వెనక నిలబడి అడుగులు లెక్కపెట్టాను. తొమ్మిది. ఆ రోజు డైరీలో ఆ అంకె ఒక్కటే ఉంది.

తర్వాత ఇల్లంతా సరిచేశాము. బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించారు. కాలికి తట్టే గోనెపట్టాలన్నీ తీసేశాం. మంచం దగ్గర రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టాం. నాన్న ఎముకల పరీక్ష చేయించి మందులు తెచ్చాడు. మిగిలిన కంటి పొర కూడా తీయించాలని నిర్ణయమైంది. అసలు కారణం తప్ప అన్నీ సరిచేశాం.

ఒకరోజు ఫిజియో మేడం మిషను దగ్గర ఆగింది. "ఇది దారికి అడ్డముంది, తీసెయ్యుండ్రి. సామాన్లు పట్టుకొని నడిచే అలవాటు మంచిది కాదు పెద్దమ్మా. నువ్వు చెయ్యి చాపినప్పుడల్ల అది ఆడనే ఉంటదని ఏమున్నది?"

బాపమ్మ వాకర్ మీంచి ఒక చెయ్యి తీసి మిషను మూలను తడిమింది. "ఉండనియ్ బిడ్డా. నేను ఈడ ఉన్నన్ని దినాలు ఇది ఆడనే ఉంటది."

మధ్యాహ్నాలు మళ్లీ మేమిద్దరమే. ఆమె నిద్రపోకుండా నడిచేది, నేను వెనక నడిచేదాన్ని. మా ఇద్దరి మధ్య వాకర్ రబ్బరు కాళ్ల చప్పుడు తప్ప మాటలు ఎక్కువ ఉండేవి కావు. ప్రతిసారీ మిషను దగ్గర ఆగి దాన్ని ఒకసారి తాకేది. ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను. బాపమ్మా అని పిలిచి, ఆమె తిరిగి చూస్తే, "నీళ్లు తాగుతవా?" అని అడిగేదాన్ని. ఆ నెలన్నరలో ఆమె ఎన్ని నీళ్లు తాగిందో.

ఇక మెట్లు మిగిలాయి. నడక వచ్చినా మా ఇంటి మెట్లు దిగి ఎక్కడం ఆమె వల్ల కాదు. ఎండ తగలాలి, బయట నడవాలి అని డాక్టరు అన్నాడు. మరిపెడలో అత్త వాళ్లది మెట్లు లేని ఇల్లు, ముందు చదునైన వాకిలి. కొన్నాళ్లు అక్కడుంటే మంచిదని అందరూ అనుకున్నారు. బాపమ్మ కాదనలేదు.

అక్కడ ఆమె బాగా నడిచింది. వాకిలి దాటి రోడ్డు దాకా పోయి, పక్కింటివాళ్లతో ముచ్చట పెట్టి వస్తోందని అత్త ఫోన్లో చెప్పేది. బాపమ్మకు ఫోన్లో నా గొంతు వినిపించేది కాదు. "జర గట్టిగ మాట్లాడు," అనేది అత్త. నేను గట్టిగా మాట్లాడేలోపు ఆమె ఫోన్ తిరిగి తీసుకునేది. వానాకాలంలో బాపమ్మకు నాలుగు రోజులు జ్వరం వచ్చి, ఐదో రోజు ఊపిరి అందలేదు. మేము చేరేసరికి అయిపోయింది. మంచం పక్కన వాకర్ ఉంది. దాని రబ్బరు కాళ్లకు వాకిట్లోని ఎర్రమట్టి ఎండి ఉంది. చివరిదాకా నడిచిందని ఆ మట్టిని చూస్తే తెలిసింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు పైన నేనొక్కదాన్నే. బాపమ్మ మంచం తీసేశారు. తలుపు చెక్క, బియ్యం డ్రమ్ము, మిషను మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బాత్రూముకు పోతూ వాటిని ఒక్కొక్కటే తాకుతుంటాను. అక్క మూడింటికి వచ్చి తుడిచి, ఫ్యాన్ వేసి, "తడి ఆరేదాక కాలు పెట్టకు," అని నాకు చెప్పి పోతుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. ఇది రాయడం అయిపోయాక శివనగర్‌కు పోతాను.

బాపమ్మ నాతో ఆఖరుసారి మాట్లాడింది మరిపెడకు బయలుదేరిన రోజు. హమాలీలు మళ్లీ కుర్చీలోనే ఆమెను కిందికి దించారు. "మెల్లగ దించుండ్రి, నేను మిర్చి బస్తాను గాదు," అని మెట్టు మెట్టుకీ వాళ్లను నవ్వించింది. కారులో కూర్చోబెట్టాక, వాకర్ వెనక పెట్టించి, అందరికీ ఏవో జాగ్రత్తలు చెప్పింది. నేను దుకాణం గుమ్మంలో, బస్తాల పక్కన నిలబడి ఉన్నాను. చేత్తో దగ్గరికి రమ్మంది. కారు కిటికీలోకి వంగాను. నా చెయ్యి పట్టుకుంది. మిషను మూలను పట్టుకున్నట్టే, అరచెయ్యి మొత్తం ఆనించి. ముందు సీట్లోని నాన్నకు వినపడనంత మెల్లగా అంది.

"మిషిన్ మళ్ల కిటికి కాడికి జరుపుకో బిడ్డా. ఈసారి చప్పుడు చేసుకుంట జరుపు."